కర్టెన్లు మడతల దగ్గరే ఎందుకు చిరుగుతున్నాయంటే

వారం వారం ఉతుకుతున్నా కర్టెన్లు వెలిసిపోయి, మడతల దగ్గర చీలుతున్నాయన్నారు కదండీ. అన్నిసార్లు ఉతకడం కూడా చేటే, కానీ అసలు దెబ్బ ఎండది. అద్దంలోంచి కూడా అతినీలలోహిత కిరణాలు కొంత లోపలికొచ్చి దారాన్ని పెళుసు చేస్తాయి. రోజూ ఎండ తగిలేది కిటికీవైపు మడత అంచులకే కాబట్టి ముందు అక్కడే చిరుగుతుంది. పట్టు అయితే మరీ త్వరగా.

వెనక లేత రంగు లైనింగ్ కుట్టించండి. ఎండను అదే భరిస్తుంది, పాడైతే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. దుమ్ముకి వాక్యూమ్ బ్రష్ చాలు. ఉతికితే హుక్కులు తీసి చన్నీళ్లలో వేయండి. నూలువైతే కొంచెం తడి ఉండగానే రాడ్‌కి తగిలించండి, బరువుకే చాలా ముడతలు పోతాయి, ఇస్త్రీ బాధ తగ్గుతుంది. వేలితో లాగితేనే పిగిలిపోతున్న గుడ్డని మాత్రం మెషిన్‌లో వేయకండి.