ఆ చెత్త ఎలాంటిదో ముందు చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న రాత్రి చదివాను. ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్క్ మీద ఫైళ్ళని అమర్చే సాఫ్ట్‌వేర్‌లో, డేటా పాడవుతోందనీ, మూడు వారాలుగా వెతుకుతున్నా బగ్ దొరకట్లేదనీ, సరిగ్గా నిద్ర కూడా పట్టట్లేదనీ రాశావు. ఆ టెన్షన్ నాకు తెలుసు. ప్రోగ్రామ్ క్రాష్ అయితే మళ్ళీ నడుపుకుంటారు. ఫైలు లోలోపల పాడైతే ఆ సంగతి యజమానికి ఎప్పటికో గానీ తెలియదు. అప్పటికి బ్యాకప్‌లోకీ పాడైన కాపీయే చేరి ఉంటుంది. నువ్వు ఇంతగా ఆరాటపడడంలో తప్పేమీ లేదు.

ఆ డిస్క్ మీద ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ని పరీక్షించి సరిచేసే ప్రోగ్రామ్) నడిపావా? నడపకపోతే ఇంకా నడపకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ తప్పు చేశాను. అన్ని ప్రశ్నలకీ ఎస్ అనే ఆప్షన్ పెట్టి నడిపాను. వాల్యూమ్ మౌంట్ అయింది, అంటే డిస్క్ మళ్ళీ వాడకానికి వచ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఏ ఐనోడ్ (ఫైలు వివరాలు దాచే రికార్డు) ఏ బ్లాక్‌ని (డిస్క్ మీది ముక్కని) తప్పుగా చూపించిందో చెప్పే ఆనవాళ్ళన్నీ దాంతో చెరిగిపోయాయి. బగ్ మాత్రం కోడ్‌లోనే ఉండిపోయింది. ఐదు నెలల తర్వాత మళ్ళీ బయటపడింది, అప్పుడు పోయింది ఇంకొకరి డేటా. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి ముందు డిస్క్ మొత్తానికి డీడీ రెస్క్యూ అనే టూల్‌తో ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తియ్యి. ఏం చేసినా ఆ ఇమేజ్‌కి తీసిన కాపీ మీదే చెయ్యి. ఇంకో సంగతి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే డిస్క్ మీద ఏమీ మారదనుకోకు. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ అప్పుడు కూడా జర్నల్‌ని (చెయ్యబోయే మార్పుల చిట్టాని) తిరగదోడి డిస్క్ మీద రాస్తుంది. అది వద్దంటే నోలోడ్ ఆప్షన్ ఇవ్వాలి, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో అయితే నోరికవరీ.

ఇక అసలు విషయం. 'ఫైలు మధ్యలో చెత్త కనబడుతోంది' అని రాశావు, అది ఎలాంటి చెత్తో మాత్రం రాయలేదు. మంచి కాపీనీ పాడైన కాపీనీ హెక్స్ డంప్ (ప్రతి బైట్‌నీ అంకెల్లో చూపే జాబితా) తీసి పక్కపక్కన పెట్టుకో. 20480వ బైట్ దాకా అంతా సవ్యంగా ఉండి, అక్కణ్ణుంచి 24575 దాకా వరసగా సున్నాలు, తర్వాత మళ్ళీ సరైన డేటా ఉందనుకో. అది సరిగ్గా 4096 బైట్లు, ఒక పేజీ, అంటే మెమరీని పంచే ఒక ముక్క. ఆ పేజీ డిస్క్‌కి చేరలేదు, లేదా అక్కడ ఖాళీ ఉందని ఎవరో తప్పు చెప్పారు. పాడైన ముక్క 512 బైట్లే ఉంటే ఫైల్ సిస్టమ్ కంటే కింది పొరల్లో వెతకాలి. ఒక్క బిట్ మాత్రమే తిరగబడితే ముందు ర్యామ్‌ని అనుమానించు. వేరే ఫైలులోని మాటలు కనబడితే ఒకే బ్లాక్ రెండు ఫైళ్ళకి దక్కింది. అదే ఫైలు తాలూకు పాత డేటా ఉంటే కొత్త రైట్ ఎక్కడో దారిలో పోయింది. వీటిలో మినహాయింపులు ఉంటాయి, కానీ మూడు వారాల వెతుకులాటని మూడు రోజులకి తగ్గించడానికి ఇది చాలు.

పాడైన చోటే తప్పు జరిగిందని తేల్చెయ్యకు. 2018లో లినక్స్ 4.19తో ఫైళ్ళు పాడవుతుంటే మొదట చాలామంది ఈఎక్స్‌టీ4నే తప్పుపట్టారు. తప్పు దాని కింద ఉన్న బ్లాక్ లేయర్‌లో, అంటే డిస్క్‌కి రీడ్‌లూ రైట్‌లూ పంపే పొరలో, తేలింది. 2023 నవంబర్‌లో ఓపెన్ జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ విషయం ఇంకా గమనించదగ్గది. కాపీ చేసిన ఫైళ్ళలో సున్నాల ముక్కలు వస్తున్నాయి. 2.2.0లో కొత్తగా వచ్చిన బ్లాక్ క్లోనింగే (డేటాని మళ్ళీ రాయకుండా అవే బ్లాకులని పంచుకునే కాపీ పద్ధతే) కారణమనుకుని 2.2.1లో దాన్ని ఆపేశారు. అయినా బగ్ పోలేదు. నిజానికి మూల ఫైలు చక్కగానే ఉంది. కాపీ చేసే ప్రోగ్రామ్ 'ఇందులో ఖాళీలు ఎక్కడున్నాయి' అని అడిగినప్పుడు, అప్పుడే రాసి ఇంకా డిస్క్‌కి చేరని డేటాని ఒక చిన్న రేస్ వల్ల (రెండు పనులు ఒకేసారి నడిచి వరస తప్పడం వల్ల) చూడకుండా, అక్కడ ఖాళీ ఉందని ఫైల్ సిస్టమ్ జవాబిచ్చేది. ఆ తప్పు ఏళ్ళ నుంచీ ఉంది. 2.2.2, 2.1.14 వెర్షన్లలో సరిచేశారు.

తర్వాత బగ్‌ని నీ చేతుల్లో రప్పించు. ఎఫ్ఎస్ఎక్స్, ఎఫ్ఐఓ, ఎక్స్ఎఫ్ఎస్ టెస్ట్స్ అనే పరీక్షా ప్రోగ్రాములు ఉండనే ఉన్నాయి, అవి నడుపు. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది మాత్రం ఒక చిన్న పద్ధతి. టెస్ట్ ఫైళ్ళలో యాదృచ్ఛిక డేటా నింపకు. ప్రతి బ్లాక్‌లోనూ దాని చిరునామానే రాయి: ఏ ఫైలు, ఎన్నో ఆఫ్‌సెట్, ఎన్నో విడత. 7వ ఫైలు చదువుతుంటే '12వ ఫైలు, 8192, మూడో విడత' అని కనబడిందనుకో, ఆ బ్లాక్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అదే చెబుతుంది. మెమరీ తగ్గించు, డిస్క్‌ని నిండే దాకా నింపు, బ్లాక్ సైజు 1024 పెట్టి చూడు. అనుమానం ఉన్న రెండు లైన్ల మధ్య కావాలని ఆలస్యం పెట్టు. దాంతో బగ్ గంటకోసారి కాక నిమిషానికోసారి వస్తే నువ్వు సరైన చోటే ఉన్నావు.

గిట్ బైసెక్ట్ చేసేటప్పుడు, అంటే బగ్ ఏ కమిట్‌తో (కోడ్ మార్పుతో) వచ్చిందో ఒక్కో మెట్టులో సగానికి తగ్గిస్తూ వెతికేటప్పుడు, ఓపిక పట్టు. సగటున గంటకోసారి వచ్చే బగ్, మూడు గంటలు నడిపినా రాకుండా తప్పించుకునే అవకాశం నూటికి ఐదు వంతులు ఉంటుంది. పది మెట్లలో ఒక్కచోట పొరబడినా వేరే ఎవరి కమిట్ మీదో నింద పడుతుంది. నేనైతే ఒక్కో మెట్టూ కనీసం ఐదు గంటలు నడుపుతాను.

ప్రింట్ లైన్ పెడితే బగ్ మాయమైందని రాశావే, దాన్ని సవరణగా పంపకు. టైమింగ్ మారింది, అంతే. ఒకేసారి నడిచే ఏ రెండు త్రెడ్లు (పనుల వరసలు) ఏ క్రమంలో నడిస్తే ఆ సున్నాలు వస్తాయో కాగితం మీద గీసి చూపగలిగితేనే ప్యాచ్ (సవరణ కోడ్) రాయి. పాత వెర్షన్లకి పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త. 2023 నవంబర్ చివర్లో లినక్స్ 6.1.64లోకి ఒక ఈఎక్స్‌టీ4 మార్పు, దానికి ముందు రావలసిన మార్పు లేకుండానే వెళ్ళింది. డేటా పాడవుతోందని తెలిసి, లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన డెబియన్ వాళ్ళు డిసెంబర్‌లో 12.3 విడుదలనే ఆపి, 6.1.66తో 12.4 ఇవ్వాల్సి వచ్చింది.

సవరణ వెళ్ళాక వాడేవాళ్ళకి సూటిగా రాయి. ఏ వెర్షన్లు, ఏ పరిస్థితుల్లో, తమ ఫైళ్ళు పాడయ్యాయో లేదో ఎలా చూసుకోవాలో చెప్పు. ఇప్పటికే పాడైన ఫైళ్ళని ఈ ప్యాచ్ బాగుచెయ్యదన్న మాట మొదటి పేరాలోనే ఉండాలి. ఆ మాట రాయడానికి మనసొప్పదు, అయినా రాయాలి.

పాడైన చోటికి ముందు ఒక బ్లాక్, తర్వాత ఒక బ్లాక్ కలిపి హెక్స్ డంప్ పంపు. మౌంట్ ఆప్షన్లు, కెర్నల్ వెర్షన్ కూడా రాయి. రేపు రాత్రి కూర్చుని చూస్తాను. ఈలోగా ఇమేజ్ తీసుకుని, కాసేపు నిద్రపో.