ఏనుగు తల పువ్వు: పచ్చని ఆకులున్న పరాన్నజీవి

ప్రశ్న: మేము డెన్వర్‌లో ఉంటున్నాము. జులైలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకు వెళ్లినప్పుడు, చిత్తడి నేలలో ఏనుగు తలలను కంకికి గుచ్చినట్టున్న గులాబీ రంగు పూలు చూశాము. అది పక్క మొక్కల మీద ఆధారపడి బ్రతుకుతుందని వెంట వచ్చినవారు చెప్పారు. ఆకులు పచ్చగానే ఉన్నాయి కదా, అదెలా సాధ్యం? వినాయక చవితి పూజకు పనికివచ్చేలా ఒక మొక్కను తెచ్చి కుండీలో పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చూసినది ఏనుగు తల పువ్వు; శాస్త్రీయ నామం పెడిక్యులారిస్ గ్రోయెన్‌లాండికా. పేరులో గ్రీన్‌లాండ్ ఉన్నా, ఇది విరివిగా పెరిగేది ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాల తడి మైదానాల్లోనే. ఒక్క పువ్వును దగ్గరగా చూస్తే పై రేక ఏనుగు కుంభస్థలంలా ఉబ్బి, ముందుకు సాగి, తొండంలా పైకి వంపు తిరిగి ఉంటుంది. కింది రేక పక్క తమ్మెలు రెండూ చెవుల్లా విచ్చుకుంటాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కోసం వచ్చే బంబుల్ తేనెటీగ పువ్వును పట్టుకుని ఒళ్లంతా అదిరేలా ఝుంకారం చేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రాలుతుండగా, తొండం కొసన ఉన్న కీలాగ్రం ఈగ ఒంటికి తగిలి, అది మరో పువ్వు నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని అందుకుంటుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తే, ఇది పాక్షిక పరాన్నజీవి. పచ్చని ఆకులతో ఎండలో తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది గాని, మట్టిలో దీని వేళ్లు పక్క మొక్కల వేళ్లకు చూషకాలతో, అంటే పీల్చుకునే ప్రత్యేక అవయవాలతో, అతుక్కుని నీటినీ లవణాలనూ లాగుతాయి. మన శ్రీగంధం చేసేది కూడా ఇదే; అందుకే రైతులు దాని పక్కన కందిని వేస్తారు. జొన్న చేలను పీడించే జొన్నమల్లె ఈ ఏనుగు తల పువ్వు కుటుంబానిదే.

కుండీలో పెంచే ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. నేషనల్ పార్కులో మొక్కను పెకలించడం నిషిద్ధం. పైగా తవ్వితే ఆ వేళ్ల బంధం తెగిపోతుంది, ఆతిథ్యమిచ్చే మొక్క లేని కుండీలో అది నిలదొక్కుకోవడం చాలా కష్టం. ఈ ప్రజాతి మొక్కలు కొన్ని పక్క మొక్కల్లోని విష పదార్థాలను కూడా పీల్చుకుంటాయి కనుక, మూలిక అనుకుని నోట పెట్టుకోవడమూ క్షేమం కాదు. చవితి పూజకు గరిక ఉంది. ఏనుగు తల పువ్వును ఆ తడి నేలలోనే ఉండనివ్వండి.