శాంతి చర్చల అభ్యాసం అరగంటలోనే రాజీతో ముగుస్తుంటే

పాత్రలు పంచుకుని శాంతి చర్చలు ఆడే అభ్యాసంలో మీ 12 మందీ అరగంటలోనే ఒప్పందం రాసేసుకుంటున్నారని, ఎవరూ ఏమీ నేర్చుకోవడం లేదని రాశారు. లోపం ఆడేవాళ్లలో లేదు, పాత్రల కాగితాల్లో ఉంది. అందరికీ ఒకే నేపథ్యం ఇస్తే దాచుకోవడానికేమీ ఉండదు, వదులుకున్నా నొప్పి తెలియదు.

ఉమ్మడి నేపథ్యం రెండు పేజీలు చాలు. ప్రతి పాత్రకూ విడిగా ఒక పేజీ రహస్య సూచనలు ఇవ్వండి: పైకి అడిగేది, అసలు కావలసింది, దాటకూడని గీత, చర్చలు విఫలమైతే తన పరిస్థితి. ఈ చివరిది రాయకపోతే ఏ షరతు మంచిదో తేల్చుకోవడానికి కొలత ఉండదు. ఒకే పక్షంలోనూ చీలిక పెట్టండి: ఆయుధాలు వదలనంటున్న కమాండరు, ఇళ్లకు తిరిగి వెళ్లాలంటున్న నిర్వాసితుల ప్రతినిధి. అసలు కష్టమంతా సొంతవాళ్లను ఒప్పించడంలోనే ఉంటుంది.

పక్షానికి ఐదుగురు, మధ్యవర్తులు ఇద్దరు. సన్నాహానికి 30 నిమిషాలు, చర్చలకు 90.

రెండు పక్షాలూ చెరో ముసాయిదా తెస్తే మాటల మీదే కొట్లాట. మధ్యవర్తులే ఒకే ఒక్క ముసాయిదా రాసి, ‘ఒప్పుకుంటారా?’ అనకుండా ‘ఇందులో మీకు ఏది కుదరదు?’ అని అడిగి దిద్దుతూ పోవాలి. 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల మధ్య 13 రోజులు సాగిన శాంతి చర్చల్లో అమెరికా బృందం చేసింది దాదాపు ఇదే.

సమీక్షకు పూర్తి గంట ఉంచండి, దీన్ని మాత్రం కుదించకండి. ముందు అందరూ పాత్రల నుంచి బయటికొచ్చి సొంత పేర్లతో మాట్లాడాలి. ఆ తర్వాతే రహస్య కాగితాలు బల్ల మీద పరచండి.