అది కోడ్ రాస్తుంటే నా చెయ్యి ఫోన్ మీదికి పోతోంది

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొంతకాలంగా కోడంతా ఏఐ అసిస్టెంట్‌తోనే రాయిస్తున్నాను. అది పనిచేసే రెండు మూడు నిమిషాల్లో ఫోన్ తీస్తే రీల్స్‌లో అరగంట పోతోంది. లేదంటే ఇంకో విండోలో ఇంకో పని మొదలుపెడతాను. సాయంత్రానికి ఏం చేశానో నాకే గుర్తుండదు. రాత్రి అన్నం తింటూ కూడా ‘ఒక్కసారి చూసొస్తా’ అని లేచిపోతున్నానని మా ఆవిడ మాట్లాడటం మానేసింది. నా ఏకాగ్రత దెబ్బతిన్నదా?

– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఇదివరకు మీరే రాసేటప్పుడు చెయ్యీ బుర్రా కలిసి నడిచేవి. ఇప్పుడు చెప్పడం, ఎదురుచూడటం, వచ్చింది సరిచూడటం మీ పని. మధ్యలో దొరికే ఆ రెండు నిమిషాలు విశ్రాంతికి చాలవు, ఊరికే కూర్చోవడానికేమో ఎక్కువ. మీ చిక్కంతా అక్కడే ఉంది.

ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. నాలుగు విండోలు తెరిచి కూర్చున్నవారికి సాయంత్రం ఏమీ గుర్తుండకపోవడంలో వింత లేదు. 2025లో మెటర్ అనే సంస్థ 16 మంది అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లను పరిశీలించింది. ఏఐ వాడినప్పుడు వారికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు మాత్రం 20 శాతం త్వరగా ముగించామనే నమ్మారు! అప్పటి టూల్స్ వేరు, మీ ప్రాజెక్టు వేరు, ఆ లెక్క మీకు అతికించను. కానీ హడావిడిగా ఉన్నంత మాత్రాన పని సాగుతున్నట్టు కాదని మీకూ తెలుస్తూనే ఉంది కదా.

మధ్యాహ్నం వరకైనా ఒకే విండో, ఒకే పని పెట్టుకోండి. ఏఐకి ప్రాంప్ట్, అంటే ఏం చేయాలో చెప్పే మాట, ఇచ్చే ముందు ఏ ఫైళ్లు మారాలి, ఎక్కడ తప్పు దొర్లవచ్చు అన్నది కాగితం మీద రెండు ముక్కలు రాయండి. అది పనిచేస్తున్నంతసేపూ ఆ కోడ్‌ను పరీక్షించే టెస్ట్ కేసులు ఆలోచించండి, లేదా లేచి మంచినీళ్లు తాగి రండి. ఫోన్ బ్యాగులో ఉండాలి. ఒక్క విడతలో చదవగలిగినంత మార్పే అడగండి. ఎనిమిది వందల లైన్లు ఒకేసారి వస్తే మీరూ చదవరు, మీ టీమ్ లీడూ చదవరు. రెండుసార్లు చెప్పినా అదే తప్పు చేస్తుంటే మూడోసారి అడగకుండా మీరే డీబగ్ చేసి తప్పు పట్టుకోండి. పేకాటలో ‘ఈ ఒక్క ఆటే’ అన్నట్టు సాగే వ్యవహారం అది. మిమ్మల్ని అన్నం దగ్గరనుంచి లేపుతున్నదీ అదే.

చిన్నప్పటినుంచీ అన్ని పనుల్లోనూ మీ ఏకాగ్రత ఇలాగే ఉంటే సైకియాట్రిస్టును కలవండి. నిద్రలేమి, దిగులు కూడా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ ఆవిడ సంగతి. ఏఐ ఎలా పనిచేస్తుందో ఆమెకు పాఠం చెప్పకండి. లేచిపోవడం తప్పేనని ఒప్పుకోండి, చాలు. ల్యాప్‌టాప్ మూసే ముందు పని ఎక్కడ ఆగింది, రేపు దేనితో మొదలుపెట్టాలి అన్నది ఒక లైను రాసి పెట్టండి. అలా రాస్తే మనసు ఆ పనిని త్వరగా వదులుతుందని లెరాయ్ తర్వాతి పరిశోధనలో తేలింది. రాత్రి కాల్స్ తప్పని రోజులుంటే పొద్దున్నే ఆమెకు చెప్పండి. ఆ రోజుల్లో మీ కోసం ఆగకుండా ఆమె తినేస్తుంది.