పాత చట్టం ముందుకు కొత్త కేసు వస్తే

చిరంజీవికి ఆశీస్సులు.

చట్టం రాసిన నాటికి పుట్టని వస్తువు మీద కేసు వస్తే ఏం చెయ్యాలని అడిగావు. బెంచీ ఎక్కబోయే ముందు అడగాల్సిన ప్రశ్నే అమ్మా.

తీర్పుల జోలికి పోకముందే సెక్షన్ చదువు. నిర్వచనాలు, మినహాయింపులు, పక్క సెక్షన్లు కూడా. సగం సందేహాలు అక్కడే తీరతాయి. తీరనివాటికి 1584 నాటి ఇంగ్లండు హేడన్ కేసు నేటికీ దారి చూపిస్తుంది: అంతకుముందు ఉన్న చట్టం ఏమిటి, అది ఆపలేకపోయిన కీడేమిటి, దానికి వేసిన మందేమిటి, ఆ మందే ఎందుకు?

ఉద్దేశం దొరికింది కదా అని మాటను ఎంతైనా సాగదీయకు. దొంగిలించిన మోటారు వాహనాన్ని రాష్ట్రం దాటించడం నేరమని అమెరికాలో 1919లో చట్టం చేశారు. ఒకడు విమానాన్ని దాటించాడు. అదీ తనంతట తాను కదిలేదే, గట్టిగా లాగితే నిర్వచనంలో ఇమిడేది. 1931లో అక్కడి సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ హోమ్స్ ఒప్పుకోలేదు. వాహనమంటే మామూలు మనిషికి మనసులో మెదిలేది నేల మీద నడిచే బండి, ఏది నేరమో జనానికి అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పాలి అన్నారు. శిక్ష రద్దయింది.

2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో మన సుప్రీంకోర్టు పాత మాటను సాగనిచ్చింది. సాక్ష్యం ముద్దాయి సమక్షంలో తీసుకోవాలనేది 2024 దాకా అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 273వ సెక్షన్. సాక్షేమో అమెరికాలో ఉన్నాడు. వీడియోలో అడిగినా అది సమక్షమేనంది కోర్టు. ముద్దాయి సాక్షిని చూడగలడు, వినగలడు, ప్లీడరు క్రాస్ చెయ్యగలడు. ఆ మాట కాపాడదలచిన హక్కు ఎక్కడా జారిపోలేదు.

మాటను సాగదీస్తే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూడమని నేను పదే పదే అనేది ఇందుకే. జైలుకు పోయేవాడి మీద పడేటట్టయితే చెయ్యి వెనక్కి తీసుకో.

నా తొలి రోజుల్లో ఒక దావాలో న్యాయం ఎటుందో ముందే తేల్చుకుని, దానికి సరిపోయే అర్థాన్ని సెక్షన్‌కు అంటగట్టాను. పై కోర్టు కొట్టేసింది. నా తీర్పు నమ్ముకున్న మనిషి ఆ మధ్యలో ఎంత నష్టపోయాడో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

మాట సాగదు, ఫలితం అన్యాయంగా ఉంది అనిపిస్తే ఆ సంగతే తీర్పులో దాచకుండా రాయి. ఖాళీ ఎక్కడుందో శాసనకర్తలకు కనపడాలి. విమానాన్ని ఆ చట్టంలో చేర్చడానికి అక్కడి కాంగ్రెసుకు 1945 దాకా పట్టింది. ఆలస్యమే, కానీ ఆ పని చెయ్యాల్సింది వాళ్లే.