పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వెయ్యొచ్చా?

ప్రశ్న: యూఎస్‌బీ పోర్టున్న పాత వైఫై రౌటర్ ఉంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసి పిల్లల ఫోన్లలో ప్రకటనలు ఆపాలని ఉంది. పాడైపోతుందేమోనని టెన్షన్. వెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: వెయ్యండి. కానీ ముందు రౌటర్ తిరగేసి స్టిక్కర్ చూడండి. మోడల్ పేరు పక్కన చిన్న అక్షరాల్లో వీ1, వీ2 అని ఉంటుంది. పేరు ఒకటే అయినా లోపలి చిప్ వేరు కావచ్చు. వేరే వెర్షన్‌కి చేసిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫైలు ఎక్కిస్తే రౌటర్ మళ్లీ లేవకపోవచ్చు. విజయనగరంలో నా రిపేరు బల్ల మీదకి అలాంటివి వస్తూనే ఉంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇప్పటి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి కనీసం 8 ఎంబీ ఫ్లాష్ (సాఫ్ట్‌వేర్ నిలవుండే చోటు), 64 ఎంబీ ర్యామ్ కావాలి. ప్రకటనలు ఆపడానికి వాడే సైట్ల జాబితా ర్యామ్‌ని బాగా తింటుంది. 128 ఎంబీ లేకపోతే నేనైతే ఆ పని పెట్టను. ఫ్లాష్ చాలకపోతే ప్యాకేజీలను (అదనంగా వేసుకునే ప్రోగ్రాములను) యూఎస్‌బీ పోర్టుకి పెట్టిన పెన్‌డ్రైవ్ మీదకి మార్చుకోవచ్చు, ర్యామ్ కొరత మాత్రం దానితో తీరదు. ఇంకోటి, ఇది సైటు పేరును బట్టి అడ్డుకుంటుంది కాబట్టి, వీడియోలొచ్చే పేర్ల మీదే వచ్చే యూట్యూబ్ ప్రకటనలు ఆగవు. పిల్లలకు ముందే చెప్పండి.

ఫైబర్ వాళ్లిచ్చిన పెట్టె జోలికి వెళ్లకండి, మీ రౌటర్‌ని దాని వెనక తగిలించండి. ఫైలు ఎక్కించేది కేబుల్ మీదే, వైఫై మీద కాదు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు అసలే వద్దు, మధ్యలో కరెంటు పోకూడదు.