పాత మ్యాకింటోష్‌కు గడియారపు బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది?

ఆపిల్ వారి పాత కంప్యూటర్ మ్యాకింటోష్ ఎస్‌ఈ/30లో తేదీ నిలవడం లేదని, దాని బ్యాటరీ ఇప్పుడు దొరుకుతుందా అని అడిగారు. దొరుకుతుంది. అది ఏఏ (పెన్సిల్ సెల్) పొడవులో సగం ఉండే 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ. దుకాణంలో కంప్యూటర్ పేరు చెప్పకుండా ‘ఈఆర్14250’ అని అడగండి. మీటర్లలో, కర్మాగారాల పరికరాల్లో ఇప్పటికీ వాడుతున్నారు కనుక పారిశ్రామిక ఎలక్ట్రానిక్స్ అమ్మేచోట ఉంటుంది. టార్చిలైటు బ్యాటరీ 1.5 వోల్టులే, పనికిరాదు.

కొత్తది దొరికేదాకా ఆగకుండా పాతదాన్ని ఈరోజే తీసేయండి, దయచేసి. 1989 నాటి ఆ చక్కటి యంత్రాలు ఎన్నో బ్యాటరీ పగిలి, కారిన ద్రవం మదర్‌బోర్డును తినేయడం వల్లే పాడయ్యాయి. బ్యాటరీ లేకపోయినా ఎస్‌ఈ/30 పనిచేస్తుంది. తేదీ, కొన్ని సెట్టింగులు మాత్రం నిలవవు. పెట్టె విప్పాక పిక్చర్ ట్యూబు వైర్లను తాకకండి, ప్లగ్ తీసినా అందులో విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.